వడ్రంగి చేతిలో సగకోణము

గోదావరీ నది పడమటి నుండి తూర్పునకు సాగిపోవుచు, జగిత్యాల సీమలోని ధర్మపురి వద్ద కొంత దూరము దక్షిణమునకు తిరిగి ప్రవహించును. అందుచేత అచ్చట నదికి దక్షిణవాహిని యను పేరు కలిగినది. నరసింహ శతకమును చెప్పిన శేషప్ప కవి ఈ ఊరివాడే. ఫాల్గుణ మాసములో లక్ష్మీనరసింహస్వామికి ఇచ్చట బ్రహ్మోత్సవములు జరుగును. బస్సులు లేని కాలములో యాత్రికులు ఎడ్లబండ్లు కట్టుకొని, రాళ్లబాటల వెంట ప్రయాణము చేసి ఈ ఉత్సవములకు వచ్చెడివారు. బండి నిండ పెద్దలు, పిల్లలు, వంటసామగ్రి, ఎడ్లకు మేత. ఇంత బరువును మోసినవి రెండు కొయ్యచక్రములు.

ఆ చక్రములను చేసిన గ్రామ వడ్రంగి కడ కోణమానిని ఉండెడిది కాదు. డిగ్రీ యను మాటను కూడ అతడు వినియుండకపోవచ్చును. అతని సంచిలో బాడిస, ఉలులు, రంపము, చిత్రిక, మూలమట్టము, కైవారము, ఒక దారపుచుట్ట మాత్రమే ఉండెడివి. పాఠశాలలో మనము వృత్తలేఖిని యనుదానినే పూర్వులు కైవారము అనిరి. ఈ పనిముట్లతోనే అతడు చక్రములో పన్నెండు ఆకులను ఒక్కటే ఎడముతో నిలిపెడివాడు. నడుమనున్న కుండ నుండి అంచు వరకు పోవు కొయ్యలకే బండి ఆకులని పేరు. పన్నెండు ఆకులనగా రెండేసి ఆకుల నడుమ 30 డిగ్రీల కోణము. కొలుచు సాధనము లేకయే ఆ కోణము ఎట్లు వచ్చినది?

ఈ ప్రశ్నకు సమాధానము సగము చేయుటలో ఉన్నది. ఒక కోణము ఎంతటిదో తెలియకపోయినను దానిని సరిగా రెండు సమభాగములు చేయవచ్చును. సంఖ్యను సగము చేయవలెనన్న మొదట ఆ సంఖ్య తెలియవలెను. కోణమునకు ఆ నిర్బంధము లేదు. వడ్రంగి పనిలోని గణితమునకు ఇది ప్రాణము వంటిది.

చక్రపు పని నేలమీద గీతతో మొదలగును. చదునైన చోట మేకు పాతి, దానికి దారము తగిలించి, చక్రమంత వృత్తము గీయుదురు. తరువాత అదే దారపు పొడవును, అనగా వ్యాసార్ధమును, వృత్తపు అంచు మీద వరుసగా పెట్టుకొనుచు పోయినచో సరిగా ఆరు మారులకు బయలుదేరిన చోటికే చేరును. ఏ వృత్తమునందైనను ఇట్లే జరుగును. ఏలయన కేంద్రమును, పక్కపక్కనున్న రెండు గుర్తులను కలిపిన ఏర్పడు త్రిభుజమునకు మూడు భుజములును సమానము, కావున దాని ప్రతి కోణమును 60 డిగ్రీలే. ఆరు గుర్తులకు ఆరు ఆకులు దొరికినవి. మిగిలిన ఆరును ఆ అరువది డిగ్రీల కోణములను సగము చేసి సంపాదించవలెను.

పక్కపక్కనున్న రెండు గుర్తుల మీద కైవారపు ముల్లును వరుసగా నిలిపి, కైవారపు ఎడమును మార్చకుండ, వృత్తమునకు వెలుపల రెండు చాపములు గీయవలెను. అవి ఒకచోట ఖండించుకొనును. ఆ ఖండన బిందువు నుండి కేంద్రమునకు గీచిన గీత కోణమును సరిగా సగము చేయును. ఎందువలన? గీతకు రెండు వైపుల రెండు త్రిభుజములు ఏర్పడినవి. ఒకదాని మూడు భుజములు రెండవదాని మూడు భుజములకు సమానము: వ్యాసార్ధము వ్యాసార్ధమునకు, చాపపు ఎడము చాపపు ఎడమునకు సమానము, నడిమి గీత రెండింటికిని ఉమ్మడి. మూడు భుజములు సమానమైన త్రిభుజములు సర్వసమానములు. కావున కేంద్రము వద్ద వాని కోణములును సమానములే. గ్రీకు దేశపు యూక్లిడు తన గ్రంథము మొదటి భాగములో తొమ్మిదవ సిద్ధాంతముగా చూపినది ఈ కోణార్ధమునే.

కైవారపు ఎడము ఎంత ఉండవలెనను నియమము లేదు. రెండు మారులును ఒక్కటే యుండిన చాలును. గీతలు కలిసికొనునంత ఉండిన చాలును. అయినను అనుభవజ్ఞులు ఖండన బిందువును కేంద్రమునకు వీలైనంత దూరముగా తెచ్చుకొందురు. దీనికి కారణము గీత మందము. మిల్లిమీటరు మందము గల గీత కేంద్రమునకు 10 సెంటిమీటర్ల దూరములో అర డిగ్రీకి మించిన సందేహమును కలిగించును. అదే మందము 60 సెంటిమీటర్ల దూరములో డిగ్రీలో పదియవ వంతు సందేహమునే కలిగించును. గీత అదే, చేయి అదే. దూరము మాత్రము తప్పును తగ్గించినది.

ఇప్పుడు పన్నెండు ఆకులకు చోటులు తెలిసినవి. కాని పని ఇంకను ముగియలేదు. చక్రపు అంచు ఒకే కొయ్య కాదు. ఆరు వంపు చెక్కలను కలిపి దానిని కట్టుదురు. ఒక్కొక్క చెక్కలో రెండేసి ఆకుల కొనలు దిగును. రెండు చెక్కలు కలియు అతుకు ఆకు దగ్గరగా పడినచో, ఆకు కొన కొరకు తొలిచిన తొర్ర ప్రక్కననే చెక్క చీలిపోవును. అందువలన అతుకును రెండు ఆకులకు సరిగా నడుమ నిలుపుదురు. అనగా 30 డిగ్రీలను మరల సగము చేసి 15 డిగ్రీల గీత మీద చెక్కను కోయవలెను. ఆ కోత కేంద్రము వైపునకే చూచుచుండవలెను. అరువదిలో సగము ఆకునకు, ముప్పదిలో సగము అతుకునకు. ఒక్క కిటుకే రెండు మారులు పనికి వచ్చినది.

ఇందులో పొరపాటు వచ్చిన ఏమగును? ఐదడుగుల చక్రములో ఒక్క డిగ్రీ తప్పు అంచు వద్ద సుమారు 1.3 సెంటిమీటర్లగును. ఆకు కొన తొర్రకు ఎదురుగా రాదు. బలవంతముగా దిగగొట్టిన ఆకు వంకరపోవును. పైగా చక్రమునకు చివరగా తొడుగునది ఇనుప పట్టా. దానిని నిప్పులలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించియున్నప్పుడే చక్రమునకు తొడిగి, నీళ్లు పోయుదురు. చల్లారిన పట్టా ముడుచుకొని చెక్కలను నలువైపుల నుండి నొక్కును. అతుకులు సమముగా నున్నచో ఆ నొక్కుడు చక్రమును రాయివలె బిగించును. సమముగా లేనిచో ఆ నొక్కుడే చక్రమును మెలి తిప్పును. బండి నడచునప్పుడు బరువు క్రింది వైపునకు వచ్చిన ఆకుల మీద పడును. ఎడము హెచ్చుగా నున్నచోట అంచునకు ఆధారము తక్కువ; అడవిదారిలో రాతిమీద చక్రము పడినప్పుడు మొదట విరుగునది ఆ చోటే. నేడు రబ్బరు టైర్ల బండ్లును, ట్రాక్టర్లును వచ్చినందున ఇట్టి చక్రములు చేయువారు అరుదైనారు. చేతనైనవారు చేసిన పాత చక్రమును చూచినప్పుడు ఆకుల నడిమి ఎడములను జేనతో కొలిచి చూచిన, వారి నేర్పు తెలియును.

కైవారము చిన్నది, పని పెద్దదైనప్పుడు దాని స్థానమును త్రాడు ఆక్రమించును. రెండు గుర్తుల నడుమ త్రాటిని లాగి, తీసి, రెండుగా మడచి, మడత చోటును గుర్తించి, మరల పరచినచో నడిమి బిందువు దొరకును. గుర్తులు రెండును మూలకు సమాన దూరములో నున్నంతవరకు, మూల నుండి ఆ నడిమి బిందువునకు గీచిన గీతయే సగకోణపు గీత. గణితము తెలియనివాడు కూడ మడతను నమ్మును, మడత అబద్ధమాడదు.

ఈ మడత మన దేశములో మిక్కిలి ప్రాచీనమైనది. యజ్ఞవేదికలను కొలుచు విధానములను చెప్పు శుల్బసూత్రములలో ఇది ఉన్నది. శుల్బమనగా త్రాడే. కాత్యాయనుని సూత్రములలో దిక్కులను నిర్ణయించు పద్ధతి ఇట్లున్నది: చదునైన నేలపై శంకువును, అనగా నిలువు మేకును, పాతి, దాని పొడవు గల త్రాటితో చుట్టును వృత్తము గీయవలెను. ఉదయము శంకువు నీడ పొడవుగా ఉండి, ప్రొద్దెక్కినకొలది కురుచయై, ఒక క్షణమున నీడ కొన వృత్తమును తాకును. అపరాహ్ణమున నీడ పెరుగుచు మరల వృత్తమును దాటును. ఆ రెండు చోటులందును మేకులు పాతిన అవి తూర్పు పడమరలను చూపును. తరువాత త్రాటిని రెండింతలు చేసి, రెండు కొనలకును ఉచ్చులు వేసి, వానిని రెండు మేకులకు తగిలించి, నడిమిని పట్టుకొని దక్షిణమునకు ఒకమారు, ఉత్తరమునకు ఒకమారు లాగి గుర్తులు పెట్టవలెను. ఆ గుర్తులను కలిపినది ఉత్తర దక్షిణ రేఖ.

ఉదయపు నీడకును సాయంకాలపు నీడకును నడుమనున్న కోణమును సగము చేయుటయే ఇది. సూర్యుడు మధ్యాహ్నమునకు ఇరువైపుల సమానమైన ఎత్తులలో నిలిచినప్పుడు నీడలు సమానమగును. వాని నడిమి గీత మధ్యాహ్నపు నీడ దారి. ఆ కొన్ని గంటలలో సూర్యుడు ఉత్తరమునకో దక్షిణమునకో కొంచెము జరుగును గాని, ఇల్లు కట్టుటకు ఆ తేడా లెక్కకు రాదు. ధర్మపురి పాఠశాలలోని విద్యార్థి ఆటస్థలమున ఒక కర్ర నాటి దీనిని ఒక్క దినములో చేసి చూడవచ్చును. నది అచ్చట దక్షిణమునకు పారునను మాట ఎంతవరకు నిజమో ఆ గీతతో పోల్చి తానే తెలిసికొనవచ్చును.

ధర్మపురికి సుమారు 30 కిలోమీటర్ల దూరములోని జగిత్యాలలో నక్షత్రాకారపు కోట ఒకటి కలదు. పద్దెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచి ఇంజనీర్లు దానిని కట్టించిరని ప్రసిద్ధి. ఇట్టి కోటలను గీయునప్పుడు బురుజు మొన కోణమును సగము చేయు రేఖను ముందుగా వేసికొని, దానికి ఇరుప్రక్కల గోడలను సమముగా తీర్చుట యూరపు ఇంజనీర్ల సంప్రదాయము. కోటకైనను పీటకైనను సూత్రము ఒక్కటే.

మరల కొయ్యపనికి వత్తము. పటములకు చట్రములు కట్టువానికి చక్రములు చేయువానికన్న సగకోణముతో నిత్యము ఎక్కువ పని. రెండు పట్టీలు మూల వద్ద కలియునప్పుడు ఒకదాని కొన రెండవదాని ప్రక్కకు చేరినచో పట్టీ మీది నగిషీ తెగిపోవును. రెండింటిని వాలుగా కోసి కలిపిన నగిషీ తెగక మూలను చుట్టుకొని పోవును. ఆ వాలుకోత మూలలోని కోణమును సగము చేయవలెను. మూల 90 డిగ్రీలైన కోత 45. ఎనిమిది మూలల చట్రములో మూల 135 డిగ్రీలు, కోత అరువదియేడున్నర డిగ్రీలు.

ఈ పనిలో తప్పు చిన్నదిగా పుట్టి పెద్దదిగా పెరుగును. నాలుగు మూలల చట్రములో కోతలు ఎనిమిది. ప్రతి కోతలో అర డిగ్రీ తప్పు ఒకే వైపునకు వచ్చినదనుకొందము. అర డిగ్రీని కన్ను పట్టలేదు. ప్రతి మూలకు రెండు కోతలు, కావున మూలకు ఒక డిగ్రీ. నాలుగు మూలలకు నాలుగు డిగ్రీలు. మొదటి మూడు మూలలను బిగించి నాలుగవదానికి వచ్చునప్పటికి, ఐదు సెంటిమీటర్ల వెడల్పు పట్టీలలో దాదాపు అర సెంటిమీటరు సందు నోరు తెరచుకొని కూర్చుండును. ఎనిమిది మూలల చట్రములో అదే తప్పు ఎనిమిది డిగ్రీలగును. మైనముతోను, రంపపు పొట్టుతోను సందులు పూడ్చువారు కలరు. రంగు వేసిన దినమున అది కనబడదు. ఎండకాలము వచ్చి కొయ్య ఆరినపుడు బయటపడును.

కోతగీతను గీయుటకు తేలికయైన దారి యొకటి కలదు. పట్టీలను మూల వద్ద ఒకదానిపై ఒకటి అడ్డముగా పరచి, అంచులు ఖండించుకొను లోపలి మూలను, వెలుపలి మూలను గుర్తించి, ఆ రెండింటిని గీతతో కలుపుట. పట్టీల వెడల్పు సమానమైనంతవరకు ఈ గీత కోణమును సగము చేయును. ఇచ్చటనే కొత్తవారు మోసపోవుదురు. ఒక పట్టీ మూడు అంగుళములు, రెండవది రెండు అంగుళములు అయినచో అవి కలిసిన చోటు చతురస్రము కాదు, దీర్ఘచతురస్రము. దాని కర్ణము లంబకోణమును సగము చేయదు; ఒక వైపున సుమారు 34, మరియొక వైపున 56 డిగ్రీలు చేయును. అట్టిచోట సగకోణమునే పట్టుకొని రెండు పట్టీలను 45 వద్ద కోసినచో ఒక కోత పొడవు, రెండవది పొట్టి, మూల కలియదు. కర్ణము వెంట కోసినవాడే సరియైనవాడు. సూత్రమును కంఠస్థము చేసినవానికిని దాని కారణము తెలిసినవానికిని భేదము ఇట్టి మూలలలో బయటపడుచుండును.

మరియొక చిక్కు పాత ఇండ్లలో వచ్చును. గోడల మూల అరిగి గుండ్రమై, రెండు గోడలు ఏ బిందువు వద్ద కలియునో తెలియదు. శీర్షమే లేని కోణమును సగము చేయుట ఎట్లు? సమాన వెడల్పు గల రెండు బద్దలను తీసికొని, మూలకు లోపలి వైపున ఒక్కొక్క గోడకు ఒక్కొక్క బద్దను ఆనించి నేలపై పరచవలెను. వాని లోపలి అంచులు ఒకచోట ఖండించుకొనును. ఆ బిందువు రెండు గోడలకును సమాన దూరములో ఉన్నది. కావున సగకోణపు గీత దాని గుండా పోవలసినదే. ఇంకను వెడల్పైన బద్దల జతతో మరల అట్లే చేసిన రెండవ బిందువు దొరకును. రెండు బిందువులను కలిపిన గీత, కనబడని శీర్షమునకు దారి చూపును. ఇన్ని పద్ధతులలో ఇదియే మెచ్చదగినది. దీనికి కైవారము వలదు, కొలబద్ద వలదు, బద్దల వెడల్పు ఎంతయో తెలియనవసరము లేదు.

మూలమట్టముతో కూడ ఇట్టి పని చేయవచ్చును. శీర్షము నుండి కోణపు రెండు భుజముల మీదను సమాన దూరములో గుర్తులు పెట్టి, మట్టపు రెండు చేతుల మీదను ఒక్కటే కొలత ఆ గుర్తులకు తగులునట్లు దానిని నిలిపిన, మట్టపు మూల సగకోణపు గీత మీదకే వచ్చును. పాశ్చాత్య దేశములలో పనిముట్లు చేయువారు నాలుగు సమానమైన ఇనుప పట్టీలను కొనల వద్ద శీలలతో కలిపి, కర్ణము వెంట జారు బద్దను అమర్చి ఒక సాధనము చేసిరి. పట్టీలను ఎంత తెరచినను అది సమచతుర్భుజమే. దాని కర్ణము కోణమును ఎల్లప్పుడు సగము చేయును. నాలుగు అట్టముక్కలు, నాలుగు గుండుసూదులు ఉన్నచో విద్యార్థులే దీనిని చేసికొనవచ్చును.

సగము ఇంత సులభమైనచో మూడవ వంతును అట్లే తీయరాదా యని తోచవచ్చును. గ్రీకులు రెండువేల సంవత్సరములకు పూర్వమే ఈ ప్రశ్న వేసిరి. కొలతగుర్తులు లేని బద్దతోను, కైవారముతోను ఏ కోణమునైనను మూడు సమభాగములు చేయు పద్ధతి ఉండజాలదని 1837లో వాంజెల్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించెను. పన్నెండు ఆకుల చక్రమునకు కైవారమొక్కటే చాలును, తొమ్మిది ఆకుల చక్రమునకు చాలదు. చిత్రమేమనగా, వడ్రంగి మట్టమును ఆ పనికి పెట్టినచో, దాని బద్ద వెడల్పును గుర్తుగా వాడుకొని కోణమును మూడు భాగములు చేయవచ్చును. యూక్లిడు నియమములు పుస్తకములోని పనిముట్లకే గాని వడ్రంగి సంచికి కాదు.

ఏ పద్ధతితో గీచినను కోత సరిగా పడినదో లేదో పరీక్షింపక చట్రము బిగించరాదు. పనికిరాని రెండు ముక్కలను అదే వాలుతో కోసి, కోతలను ఒకదానికొకటి చేర్చి, లోపల మూలమట్టమును ఆనించి వెలుతురునకు ఎదురుగా పట్టవలెను. కోత సరియైనచో వెలుతురు రాదు. తప్పినచో మట్టమునకు ముక్కకు నడుమ సన్నని వెలుతురు గీత కనబడును. రెండు కోతల తప్పులు కలిసి ఒకటై కనబడినవి గనుక అది అసలు తప్పునకు రెండింతలు. కావున కనబడిన సందునంతయు ఒక్క ముక్క నుండియే తీసివేయరాదు. అందులో సగమును మాత్రమే ఒక ముక్కకు చిత్రిక పట్టి, మిగిలిన సగమును రెండవదానికి పట్టవలెను.